మొహం చూసి బొట్టు పెట్టే లోకంలో డొలోరెస్

సినిమాని మనం మూడు గంటల కాలక్షేపం అనుకుంటాం. చూసి వచ్చేస్తాం. వారం తిరిగేసరికి కథ కూడా సరిగ్గా గుర్తుండదు. కానీ ఒకటి మాత్రం మనసులో ఉండిపోతుంది. ఫలానా వాళ్లు ఇలాగే ఉంటారు అనే ఒక బొమ్మ. అదే బొమ్మ పది సినిమాల్లో, వంద సినిమాల్లో కనబడితే, అది ఎవరో గీసిన బొమ్మన్న సంగతే మర్చిపోతాం. నిజమే కాబోలు అనుకుంటాం. ఆ సినిమాలు చూసే జనంలోనే పోలీసులూ ఉంటారు, జడ్జీలూ ఉంటారు, చట్టసభల్లో చెయ్యెత్తేవాళ్లూ ఉంటారు కదా!

అమెరికాలో మెక్సికన్ల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. మెక్సికో, ప్యూర్టోరికో, క్యూబా లాంటి ప్రాంతాల మూలాలున్న వాళ్లందర్నీ కలిపి అక్కడ లాటినోలు అంటారు. హాలీవుడ్ వాళ్లని ఎలా చూపించిందో, ఆ చూపు చట్టంలోకి ఎలా పాకిందో తెలుసుకోవాలంటే లావుపాటి లా పుస్తకాలే తిరగేయక్కర్లేదు. ఒక నటి జీవితం చదివినా చాలనిపించింది నాకు. ఆమె పేరు డొలోరెస్ డెల్ రియో. అందానికి పేరు మోసిన మనిషి. ఆ అందానికి హాలీవుడ్ ఎంత గొప్ప పీట వేసిందో, ఆ పీటకి ఎంత గట్టిగా కట్టిపడేసిందో తెలుసుకున్నాక, ఆమె గురించి మీతో చెప్పకుండా ఉండలేకపోయాను.

కలవారి పిల్ల

1904లో మెక్సికోలోని దురాంగో ఊళ్లో పుట్టింది డొలోరెస్. తండ్రి బ్యాంకు డైరెక్టరు. తల్లివైపు వాళ్లు పెద్ద భూస్వాములు. ఒక్కతే కూతురు. అల్లారుముద్దుగా పెరిగింది. ఆరేళ్లు వచ్చేసరికి 1910లో మెక్సికోలో విప్లవం మొదలైంది. ఉన్నవాళ్ల ఇళ్లకు ముప్పు వచ్చింది. తండ్రి అమెరికా వైపు పారిపోయాడు. తల్లి బిడ్డను తీసుకుని రాజధాని మెక్సికో సిటీ చేరింది. తర్వాత అందరూ అక్కడే కలుసుకున్నారు. ఫ్రెంచి సన్యాసినులు నడిపే బడిలో డొలోరెస్ చదువు సాగింది. నాట్యమంటే ప్రాణం. రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా ప్రదర్శన చూశాక ఆ పిచ్చి మరీ ముదిరింది.

పదహారేళ్లకే, 1921లో, తనకన్నా పద్దెనిమిదేళ్లు పెద్దవాడైన హైమే మార్టినెజ్ డెల్ రియోతో పెళ్లయింది. ఆయనది పాతకాలపు గొప్పింటి వంశం. పెళ్లయ్యాక ఇద్దరూ యూరప్ అంతా తిరిగొచ్చారు. తీరా వచ్చి ఎస్టేటులో పత్తి వేస్తే ధర పడిపోయింది. సంసారం అప్పుల్లో కూరుకుపోయింది. కడుపులో బిడ్డ నిలవలేదు. ఇక పిల్లల సంగతి మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. ఇరవై ఏళ్ల పిల్లకి ఇన్ని దెబ్బలు ఒక్కసారే తగిలాయి.

సరిగ్గా అప్పుడే, 1925లో, ఎడ్విన్ కరూ అనే హాలీవుడ్ దర్శకుడు మెక్సికో సిటీ వచ్చి, ఒక విందులో ఆమె నాట్యం చూశాడు. సినిమాల్లోకి రమ్మన్నాడు. గొప్పింటి కోడలు తెరమీద కనబడటమా అని బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. హైమేకి మాత్రం సినిమా కథలు రాయాలని కోరిక. ఇద్దరూ రైలెక్కి లాస్ ఏంజెలెస్ చేరుకున్నారు.

ఆమెకన్నా ముందే వెళ్లిన బొమ్మ

డొలోరెస్ వెళ్లేసరికే మెక్సికన్లకు హాలీవుడ్‌లో ఒక మూస తయారై ఉంది. మూకీల తొలిరోజుల్లోనే ‘టోనీ ది గ్రీజర్’, ‘బ్రాంకో బిల్లీ అండ్ ది గ్రీజర్’ లాంటి పేర్లతో సినిమాలు వచ్చాయి. గ్రీజర్ అంటే జిడ్డోడు అని. మెక్సికన్లను తిట్టే మాట అది. ఆ సినిమాల్లో మెక్సికన్ అంటే దొంగ, మోసగాడు, వెనకనుంచి కత్తి దూసేవాడు. తెల్ల కథానాయకుడు వాణ్ణి చితకబాదితే హాల్లో చప్పట్లు.

ఇక్కడ ఒక విషయం వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఈ తిట్టు సినిమాలో పుట్టింది కాదు. అంతకు చాలా ముందే చట్టంలోకి ఎక్కేసింది. 1855లో కాలిఫోర్నియా రాష్ట్రం దేశదిమ్మరులను పట్టుకుని శిక్షించడానికి ఒక చట్టం చేసింది. స్పానిష్, ఇండియన్ రక్తం కలిసినవాళ్లను గ్రీజర్లు అంటూ ఆ చట్టంలోనే రాసేశారు! వీధిలో తిట్టుకునే మాట చట్టం పుస్తకంలో అచ్చయింది. మరుసటేడు సవరణలో ఆ మాట తీసేశారు కానీ, జనం నోటికి ఎక్కిన పేరు పోలేదు. అందరూ దాన్ని గ్రీజర్ చట్టమనే పిలిచారు. అరవై ఏళ్లు తిరగకుండానే అదే మాట సినిమా పేరైంది. చట్టం జనానికి నేర్పిందో, జనం చట్టానికి నేర్పారో చెప్పడం కష్టం. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిచాయి.

మెక్సికో ప్రభుత్వం ఊరుకోలేదు. 1922లో, తమ జనాన్ని అవమానించే సినిమాలు తీసే కంపెనీల చిత్రాలు తమ దేశంలో ఆడనివ్వమని గట్టిగా చెప్పింది. డబ్బు పోతుందనేసరికి హాలీవుడ్ కాస్త తగ్గింది. ఇతర దేశాల ప్రజలను కించపరిచేలా చూపించరాదన్న జాగ్రత్త 1927 నాటి సినిమా నియమాల్లోకి, తర్వాత 1930 నాటి నియమావళిలోకి ఎక్కింది. కానీ కాగితం మీద నియమం వేరు, తెరమీద ఆచరణ వేరు. మెక్సికన్ దొంగ పోయి, ఏ దేశమో పేరు చెప్పని దొంగ వచ్చాడు. మీసం, టోపీ, యాస మాత్రం అవే.

అన్ని దేశాల ఆడపిల్లా తానే

అలాంటి చోట డొలోరెస్ అడుగుపెట్టింది. ప్రచారం చేసేవాళ్లకు ఒక చిక్కు వచ్చిపడింది. మెక్సికన్ అని చెప్తే జనం మొహం చిట్లిస్తారేమో! అందుకని స్పానిష్ నటి అని రాయించారు. స్పానిష్ అంటే యూరప్ వాళ్లు, దొరల కింద లెక్క. డొలోరెస్ ఒప్పుకోలేదు. తాను మెక్సికన్‌నని, అలాగే రాయాలని పట్టుబట్టింది. కొత్తగా వచ్చిన పిల్ల, ఇంగ్లీషు కూడా సరిగ్గా రాదు, ఆ మాత్రం పట్టుదల చూపించిందంటే గొప్పే మరి.

1926లో ‘వాట్ ప్రైస్ గ్లోరీ’ సినిమాతో పేరొచ్చింది. అందులో ఆమె ఫ్రెంచి పిల్ల. 1927లో టాల్‌స్టాయ్ నవల ఆధారంగా తీసిన ‘రిసరెక్షన్’లో రష్యన్ పిల్ల. అదే ఏడు ‘లవ్స్ ఆఫ్ కార్మెన్’లో స్పెయిన్ జిప్సీ. 1928లో ‘రమోనా’లో సగం ఇండియన్, సగం స్కాటిష్ రక్తమున్న అమ్మాయి. మూకీల కాలం కాబట్టి యాస అడ్డం రాలేదు. తెల్లగా లేని అందగత్తె ఏ దేశంలో కావలసినా హాలీవుడ్‌కి డొలోరెస్ దొరికింది. ఆమె సొంత దేశపు స్త్రీ పాత్ర మాత్రం ఆమెకు దొరకలేదు!

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. హైమే రాసిన కథలు ఎవరూ తీసుకోలేదు. పెద్దింటి మగవాడు, అందరూ తనని ఫలానా నటి భర్త అంటుంటే తట్టుకోలేకపోయాడు. 1928లో విడాకులయ్యాయి. ఆ ఏడాది చివర్లోనే బెర్లిన్‌లో ఆయన చనిపోయాడు. ఇటు దర్శకుడు కరూ కూడా దూరమై కోర్టుకెక్కాడు. కొంత డబ్బిచ్చి ఆ తగువు తెంచుకోవలసి వచ్చింది. తర్వాత అదే ‘రిసరెక్షన్’ కథను ఆయన మరో మెక్సికన్ నటి లూపే వెలెజ్‌తో మళ్లీ తీశాడు.

1930లో డొలోరెస్ సెడ్రిక్ గిబ్బన్స్‌ని పెళ్లాడింది. ఆస్కార్ బొమ్మను డిజైన్ చేసింది ఈయనే. శాంటా మోనికాలో ఆమె కోసం కొత్త తరహా ఇల్లు కట్టించాడు. పత్రికలన్నీ ఆ ఇంటి ఫొటోలు వేశాయి.

అదే ఊళ్లో ఇంకో దృశ్యం

ఆ ఇంటికి కొన్ని మైళ్ల దూరంలో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. లేకపోతే ఈ కథ సగమే చెప్పినట్టవుతుంది.

1924లో అమెరికా వలసలకు కోటా పెట్టింది. పొలాల యజమానులకు కూలీలు కావాలి కాబట్టి మెక్సికన్లను అందులోంచి వదిలేశారు. అది నచ్చనివాళ్లు చట్టసభలో ఏళ్లతరబడి వాదించారు. మెక్సికన్లు మురికివాళ్లు, తెలివి తక్కువవాళ్లు, నేరాలు చేసే రకం అన్న మాటలు ఆ విచారణల్లో వినబడ్డాయి. తెరమీది మాటలే అక్కడా! చివరికి 1929 మార్చిలో కొత్త చట్టం వచ్చింది. అనుమతి లేకుండా సరిహద్దు దాటడం నేరమైంది. ఒకసారి పంపించేశాక మళ్లీ వస్తే అది మరీ పెద్ద నేరం. 1930 జనాభా లెక్కల్లో మెక్సికన్ అన్నది ఒక జాతి కింద రాశారు. అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

అప్పుడే పెద్ద మాంద్యం వచ్చిపడింది. ఉద్యోగాలు పోయాయి. ఎవరో ఒకరి మీద నెట్టాలి కదా! 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్‌లో లా ప్లాసిటా అనే పార్కును అధికారులు చుట్టుముట్టారు. వందలమందిని నిలబెట్టి కాగితాలు చూపించమన్నారు. అలా పదేళ్లలో లక్షల మందిని రైళ్లెక్కించి మెక్సికో పంపించేశారు. కొందర్ని బలవంతాన, కొందర్ని భయపెట్టి. వాళ్లలో చాలామంది అమెరికాలోనే పుట్టిన పిల్లలు. ఆ దేశ పౌరులే. మొహం చూసి బొట్టు పెట్టారన్నమాట. మొహం చూసే పంపించారు కూడా.

డొలోరెస్‌ని మాత్రం ఎవరూ కాగితాలు అడగలేదు. తెల్లటి ఒళ్లు, డబ్బు, గొప్పింటి పేరు ఆమెను కాపాడాయి. ఇది ఆమె తప్పనను. కానీ దాచిపెట్టాల్సిన సంగతీ కాదు. ఒకే దేశంవాళ్లలో ఉన్నవాళ్లు స్పానిష్ అవుతారు, లేనివాళ్లు గ్రీజర్లవుతారు. ఈ తేడాను ఏ చట్టమూ రాయలేదు. అందరికీ తెలుసంతే.

రెండే పెట్టెలు

టాకీలు వచ్చాయి. యాస బయటపడింది. డొలోరెస్ కష్టపడి ఇంగ్లీషు నేర్చుకుంది. 1932లో ‘బర్డ్ ఆఫ్ ప్యారడైజ్’లో దీవిలో ఉండే పిల్ల వేషం. తెల్లవాణ్ణి ప్రేమిస్తుంది, చివరికి అగ్నిపర్వతానికి బలవుతుంది. ఆ రోజుల్లో ఇతర జాతి స్త్రీని తెల్ల హీరో ప్రేమించవచ్చు గానీ, కథ ముగిసేలోగా ఆమె చావాలి, లేదా త్యాగం చేసి తప్పుకోవాలి. 1933లో ‘ఫ్లయింగ్ డౌన్ టు రియో’లో బ్రెజిల్ అమ్మాయి. అందులో రెండు ముక్కల ఈతదుస్తులు వేసుకుందని అందరూ చెప్పుకుంటారు. ఆ పిల్లకు సొంతంగా ఒక ఆలోచన ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

1932లోనే ‘గర్ల్ ఆఫ్ ది రియో’ అనే చిత్రంలో మెక్సికన్ డాన్సర్‌గా వేసింది. మెక్సికో పరువు తీసేలా ఉందని అక్కడి ప్రభుత్వం మండిపడింది. సొంత దేశంలోనే తన సినిమా ఆడనివ్వలేదు. ఆ దెబ్బ ఆమెకు గట్టిగానే తగిలింది. తర్వాత ‘వివా విలా’ చిత్రంలో వేషం ఇస్తామంటే, అది మెక్సికోకి అవమానమని తోసిపుచ్చింది. 1934లో కాలిఫోర్నియాలో కమ్యూనిస్టులను ప్రోత్సహిస్తున్నారంటూ కొందరు తారల పేర్లు బయటికి లాగారు. అందులో జేమ్స్ కాగ్నీతో పాటు మెక్సికో నుంచి వచ్చిన డొలోరెస్, లూపే వెలెజ్, రమోన్ నొవారోల పేర్లున్నాయి. ఆ ఆరోపణ నిలవలేదు కానీ, మరక మరకే.

లూపే సంగతి కూడా చెప్పాలి. డొలోరెస్ మౌనంగా, హుందాగా ఉండే అందగత్తె అయితే, లూపే నిప్పురవ్వ. గొంతెత్తి అరిచి, గిన్నెలు విసిరి నవ్వించే పాత్రలు ఆమెవి. 1939 నుంచి 1943 దాకా ‘మెక్సికన్ స్పిట్‌ఫైర్’ వరసలో ఎనిమిది సినిమాలు చేసింది. జనం పడీపడీ నవ్వారు. ఆమె నిజజీవితంలో కూడా అలాగే ఉంటుందని పత్రికలు రాశాయి. 1944 డిసెంబరులో, పెళ్లికాకుండా గర్భవతిగా ఉన్న లూపే ప్రాణం తీసుకుంది. ముప్ఫై ఆరేళ్లు. చనిపోయాక కూడా ఆమె చావు మీద వెకిలి కథలు అల్లి నవ్వుకున్నారు. మూసలో ఇరికించిన మనిషికి దుఃఖం కూడా ఉంటుందని లోకం ఒప్పుకోదు కాబోలు.

లాటినో స్త్రీకి హాలీవుడ్ ఇచ్చినవి రెండే పెట్టెలు. అరిచే నిప్పురవ్వ, లేదా చచ్చిపోయే అందగత్తె. మూడోది కావాలంటే అక్కణ్ణుంచి బయటికి రావలసిందే.

కోర్టులో మొహాల మీద తీర్పు

గిబ్బన్స్‌తో పెళ్లి ముగిసింది. దర్శకుడు ఆర్సన్ వెల్స్‌తో ప్రేమ కూడా నిలవలేదు. తండ్రి పోయాడు. 1942లో డొలోరెస్ హాలీవుడ్ వదిలి మెక్సికో వెళ్లిపోయింది.

అదే ఏడు ఆగస్టులో లాస్ ఏంజెలెస్ దగ్గర స్లీపీ లగూన్ అనే చెరువు దగ్గర ఒక మెక్సికన్ కుర్రాడు తీవ్రంగా గాయపడి చనిపోయాడు. ఎవరు కొట్టారో సరైన సాక్ష్యం లేదు. పోలీసులు వందల మంది కుర్రాళ్లను పట్టుకొచ్చారు. ఇరవై రెండు మందిని ఒక్కసారే విచారించారు. షెరీఫ్ ఆఫీసు అధికారి ఒకరు గ్రాండ్ జ్యూరీకి ఇచ్చిన నివేదికలో, మెక్సికన్లకు రక్తదాహం పూర్వీకులైన ఆజ్టెక్‌ల నుంచి వచ్చిందని వాదించాడు! సినిమాలో రౌడీకి చెప్పే కథ ఇక్కడ సాక్ష్యమైంది. విచారణలో కొంతకాలం ఆ కుర్రాళ్లను క్షవరం చేయించుకోనివ్వలేదు, బట్టలు మార్చుకోనివ్వలేదు. రౌడీల్లా కనబడాలి కదా మరి! 1943 జనవరిలో పదిహేడు మందికి శిక్షలు పడ్డాయి.

ఆ కుర్రాళ్ల కోసం ఏర్పడ్డ కమిటీకి ఆర్సన్ వెల్స్, రీటా హేవర్త్, మెక్సికోలో పుట్టిన ఆంథొనీ క్విన్ అండగా నిలబడ్డారు. బొమ్మలు గీసే లోకంలోంచే కొందరు ఆ బొమ్మకు ఎదురు నిలిచారు. 1944 అక్టోబరులో పై కోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

కాలికి చెప్పు లేని పాత్ర

మెక్సికోలో డొలోరెస్‌కి ముప్ఫై ఎనిమిదేళ్లు. హీరోయిన్‌కి అది రిటైరయ్యే వయసంటారు. అక్కడ దర్శకుడు ఎమీలియో ఫెర్నాండెజ్, కెమెరామన్ గాబ్రియేల్ ఫిగెరోవా ఆమెను రైతుపిల్లగా చూపించారు. 1943లో ‘ఫ్లోర్ సిల్వెస్ట్రే’ వచ్చింది. ఆమె మొదటి స్పానిష్ భాషా చిత్రం అది. పద్దెనిమిదేళ్లు నటించాక గానీ సొంత భాషలో మాట్లాడే అవకాశం రాలేదు, చూశారా!

తర్వాత ‘మరియా కాండెలారియా’. సోచిమిల్కో కాలవల్లో పడవ మీద పూలమ్ముకునే ఇండియన్ పిల్ల కథ. నగలు లేవు, మేకప్ లేదు, కాలికి చెప్పుల్లేవు, రెండు జడలు. తల్లి చేసిన తప్పుకి ఊరంతా ఆ పిల్లను వెలేస్తుంది. చేయని తప్పుకి రాళ్లతో కొట్టి చంపుతుంది. ఒకరి మీద ఊరంతా ఒక ముద్ర వేస్తే ఏమవుతుందో చెప్పే కథే అది కూడా. 1946లో మొట్టమొదటి కాన్స్ చిత్రోత్సవంలో దానికి గ్రాండ్ ప్రీ వచ్చింది. ఆ ఏడు ఆ బహుమతి పదకొండు సినిమాలకు పంచారు. అందులో ఒకటి మనదే, చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’. రెండూ పేదవాళ్ల కథలే కావడం నాకు ముచ్చటేసింది.

గొప్పింటి ఆడది పేద ఇండియన్ వేషం వేయడమేమిటని విమర్శించినవాళ్లు లేకపోలేదు. ఆ మాటలోనూ న్యాయముంది. అసలైన ఇండియన్ అమ్మాయికి ఆ పాత్ర ఎవరిచ్చారు? అయినా ఆ చిత్రంలో డొలోరెస్ కళ్లు చూస్తే, హాలీవుడ్ ఆమెను ఎంత తక్కువగా వాడుకుందో తెలుస్తుంది. మెక్సికో వాళ్ల ఏరియల్ అవార్డు ఉత్తమ నటిగా మూడుసార్లు అందుకుంది.

1954: ఒకే ఏడాదిలో

సరిహద్దుకి అవతల మెక్సికన్ తల్లిదండ్రులు కూడా ఊరుకోలేదు. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో, ఒంటి రంగు చూసి తమ పిల్లలను మామూలు బడిలో చేర్చుకోకపోతే, గొంజాలో మెండెజ్, ఆయన భార్య ఫెలిసితాస్ మరికొందరితో కలిసి కోర్టుకెక్కారు. మెక్సికన్ పిల్లలకు శుభ్రత తెలియదని బడి అధికారి కోర్టులో చెప్పాడు. మళ్లీ అదే జిడ్డు బొమ్మ! 1946లో, మళ్లీ 1947లో తల్లిదండ్రులే గెలిచారు. కేసు నడుస్తున్నంతకాలం పొలం పనులు నెత్తినేసుకుని నడిపింది ఫెలిసితాస్. ఇలాంటి ఆడవాళ్ల పేర్లు మనకి ఎవరూ చెప్పరు.

1954 మే 3న అమెరికా సుప్రీంకోర్టు హెర్నాండెజ్ కేసులో తీర్పిచ్చింది. టెక్సస్‌లోని జాక్సన్ కౌంటీలో పాతికేళ్లుగా మెక్సికన్ పేరున్న ఒక్కరు కూడా జ్యూరీలో కూర్చోలేదు. అది రాజ్యాంగానికి విరుద్ధమని జడ్జీలందరూ ఒక్కమాటగా చెప్పారు. ఆ కోర్టులో ఆ కేసు వాదించినవాళ్లు మెక్సికన్ అమెరికన్ లాయర్లే. అలా జరగడం అదే మొదలు. సంతోషించేలోపే, ఆ జూన్‌లో మెక్సికన్లను పట్టి పంపించే పెద్ద దాడి మొదలైంది. దానికి సర్కారు వాడిన పేరేమిటో తెలుసా? ఆపరేషన్ వెట్‌బ్యాక్. నది ఈది వచ్చి వీపు తడిసినవాడు అని వెక్కిరించే తిట్టు అది. 1855లో చట్టంలో ఎక్కిన తిట్టు ఒకటి, దాదాపు వందేళ్ల తర్వాత సర్కారు కాగితాల్లో ఎక్కిన తిట్టు ఇంకొకటి.

అదే ఏడు డొలోరెస్‌కి కూడా దెబ్బ తగిలింది. హాలీవుడ్‌లో ‘బ్రోకెన్ లాన్స్’ చిత్రంలో వేషం కుదిరింది. అమెరికా ఆమెకు వీసా ఇవ్వలేదు. స్పెయిన్ నియంత ఫ్రాంకో నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు సాయం చేసిందని, కమ్యూనిస్టుల మనిషని అనుమానం. ఇరవై ఏళ్ల నాటి మరక మళ్లీ లేచింది. ఆ వేషం కాటీ హురాడోకి వెళ్లింది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఒకప్పుడు కాగితాలు ఎవరూ అడగని డొలోరెస్‌కి సరిహద్దు తలుపు ఎలా మూసుకుంటుందో యాభై ఏట తెలిసొచ్చింది. పార్కులో నిలబడ్డ కూలీ బాధతో దీన్ని పోల్చలేం కానీ, తలుపు మాత్రం అదే.

రెండేళ్లకు ఆ తలుపు తెరుచుకుంది. 1960లో ‘ఫ్లేమింగ్ స్టార్’లో ఎల్విస్ ప్రెస్లీకి తల్లిగా, కయోవా తెగ స్త్రీగా వేసింది. నేను ఆమెను మొదటిసారి చూసింది ఆ సినిమాలోనే. ఎల్విస్ కోసం చూడటం మొదలుపెట్టి, ఆమె తెరమీద లేనప్పుడు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.

పిల్లలు లేని తల్లి

చివరి రోజుల్లో ఆమె చేసిన పని నాకన్నిటికన్నా నచ్చింది. షూటింగులకు వేళాపాళా ఉండదు. చంటిపిల్లలున్న నటీమణులు, నాటకాల్లో పనిచేసే ఆడవాళ్లు పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? 1970లో మెక్సికో సిటీలో నటుల సంఘం తరఫున వాళ్ల పిల్లల కోసం ఒక శిశుసంరక్షణ కేంద్రం పెట్టించి, తానే దగ్గరుండి చూసుకుంది డొలోరెస్. ఇరవై ఏళ్లప్పుడు డాక్టర్లు ఇక పిల్లల్లేరన్న మనిషికి, అరవై దాటాక ఇంటినిండా పిల్లలే.

1983 ఏప్రిల్ 11న కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో కన్నుమూసింది. అదే రాత్రి లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ వేడుక జరిగింది. మన గాంధీ మీద తీసిన సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చిన రాత్రి అది. తన మాజీ భర్త గీసిన బంగారు బొమ్మ ఎందరి చేతుల్లోకో వెళ్లింది. డొలోరెస్‌కి మాత్రం అది ఎప్పుడూ రాలేదు.

బొమ్మ ఇంకా చెరిగిపోలేదు

కొన్ని తప్పులు దిద్దుకున్నారు. 1930లలో జనాన్ని పంపించేసినందుకు కాలిఫోర్నియా 2005లో చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. కొన్ని మాత్రం అలాగే ఉన్నాయి. 1975లో సుప్రీంకోర్టు, మెక్సికన్‌లా కనబడినంత మాత్రాన కారు ఆపకూడదంది. కానీ ఆ కనబడటాన్ని మిగతావాటితో కలిపి లెక్కలోకి తీసుకోవచ్చనీ అంది. సగం తలుపు మూసి సగం తెరిచినట్టు! 2025లో లాస్ ఏంజెలెస్‌లో రంగు, స్పానిష్ భాష, యాస, చేసే పని, నిలబడ్డ చోటు... ఇవి మాత్రమే చూసి జనాన్ని ఆపవద్దని ఒక జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అది తుది తీర్పు కాదు, తాత్కాలికమే. ముగ్గురు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. ఆ అసమ్మతి రాసింది సోనియా సొటొమయోర్. ఆ కోర్టుకెక్కిన మొదటి లాటినా జడ్జి.

అమెరికాలో పిల్లలున్న తల్లులు మనలో తక్కువేం కాదు. రంగు, యాస చూసి మనిషిని అంచనా వేస్తారంటే మన గుండె కూడా ఒక్కసారి ఝల్లుమంటుంది. 1923లో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చింది కూడా ఆ సుప్రీంకోర్టే.

డొలోరెస్ ఏ చట్టాన్నీ మార్చలేదు. కోర్టు మెట్లెక్కి పోరాడలేదు. తనకిచ్చిన మూసలో ఎన్నో ఏళ్లు నటించింది కూడా. అయితే తన దేశం పేరు దాచమంటే దాచలేదు. దేశాన్ని కించపరిచే వేషం వద్దంది. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, ఉన్నదంతా వదులుకుని, సొంత భాషలో కొత్తగా మొదలుపెట్టింది. అవకాశం రాదేమోనన్న భయంతో ఎవరో గీసిన గీతలో నిలబడిపోయే ఆడవాళ్లం మనం ఎంతమందిమి లేం! గీత దాటాక ఆమెకు దొరికిన పాత్ర కాలికి చెప్పు కూడా లేని పూలమ్మి. ఆమెను గొప్ప నటిని చేసింది ఆ పూలమ్మే.